సవరణ: జావాలో పాస్ బై రిఫరెన్స్ లేదు

పారామీటర్ పాసింగ్ (మెథడ్‌కి విలువలు పంపే తీరు) మీద పెట్టిన పోస్టులో "జావాలో ఇంట్, డబుల్ లాంటివి పాస్ బై వాల్యూ, ఆబ్జెక్టులు పాస్ బై రిఫరెన్స్" అని ఉంది. రెండో సగం సరికాదు. జావాలో ఉన్నది పాస్ బై వాల్యూ ఒక్కటే, అంటే మెథడ్‌కి వెళ్లేది విలువ కాపీనే. అసలు వేరియబుల్‌నే అప్పగిస్తే అది పాస్ బై రిఫరెన్స్.

మెథడ్‌కి వెళ్లేది ఆబ్జెక్టు కాదు, దాన్ని చూపించే రిఫరెన్స్. అది కూడా కాపీగానే వెళ్తుంది. స్టూడెంట్ ఆబ్జెక్టు 'ఎస్'ని పంపారనుకోండి. మెథడ్ లోపల 'ఎస్.మార్క్స్ = 90' అని రాస్తే బయట కూడా 90 కనిపిస్తుంది, ఎందుకంటే అసలు రిఫరెన్సూ దాని కాపీ కూడా చూపించేది ఒకే ఆబ్జెక్టుని. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. అదే లోపల 'ఎస్ = న్యూ స్టూడెంట్()' అని రాసి చూడండి, బయటి వేరియబుల్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. నిజంగా పాస్ బై రిఫరెన్స్ అయితే అదీ మారిపోవాలి. రెండు వేరియబుల్స్‌ని స్వాప్ చేసే మెథడ్ జావాలో పనిచేయనిదీ అందుకే. సీ ప్లస్ ప్లస్‌లో పారామీటర్ టైపు పక్కన '&' పెడితే చాలు, పనైపోతుంది.

జావా పద్ధతికి విడిగా పేరుంది: కాల్ బై షేరింగ్. 1970లలో బార్బరా లిస్కోవ్, ఆమె బృందం ఎంఐటీలో తయారుచేసిన సీఎల్‌యూ భాషతో వచ్చిన మాట ఇది. పైథాన్‌దీ ఇదే దారి. వైవాలో "జావాలో అంతా వాల్యూనే" అని ఆపేస్తే వెంటనే "మరి మార్క్స్ ఎలా మారాయి?" అని అడుగుతారు, కాబట్టి స్వాప్ ఉదాహరణ కూడా సిద్ధంగా పెట్టుకోండి.