క్యూర్ వూండ్స్ మంత్రానికి పాలమూరు నుంచి ఉత్తరం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథాట రాజ్యంల, గాయాలు మాన్పే కొలువు చేసే క్యూర్ వూండ్స్ మంత్రం గారికి,

దండాలు. 2014 రూల్ పుస్తకంల మొదటి లెవెల్‌కు గాయం ఎంత మానాలెనో చెప్పే తమరి ఎనిమిది ముఖాల పాచిక ఒక్కటే, 2024ల రెండైనయి. జీతం డబులైనందుకు సంతోషం. చెయ్యి పెడితే కత్తిపోటు మాయం! మరి తమరిని వేసే పూజారి, డెబ్బై ఏండ్ల క్లెరిక్, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుడెందుకు? దినాం పొద్దుగాల తన మీద తనే వేసుకోవచ్చు గదా?

చెరువు లెక్కన చెప్తే తమరికి అర్థమైతది. హిట్ పాయింట్లంటే, అంటే ఆటల పాత్రకు మిగిలిన ప్రాణం కొలతంటే, చెరువుల నీళ్లు. తమరు ఫుల్ ట్యాంక్ లెవెల్ దాక నింపుతరు, అంతకు మించి చుక్క పట్టదు. ముసలితనం నీళ్లు తగ్గుడు గాదు, పూడిక. ఒండ్రు పేరుకున్న చెరువు నిండుగనే కనబడ్తది, పట్టేది మాత్రం సగం. ఇంకిన్ని నీళ్లొదిలితే పూడిక పోతదని ఏ నీరటి చెప్పడు. తట్టలు, జేసీబీలు దిగాలె. 2015ల మిషన్ కాకతీయ పెట్టింది అందుకే.

ఇంతకు తమరు గాయం మాన్పేది ఎట్ల? కణాలను తొందరపెట్టి చీల్చా? మనిషి కణాలు ల్యాబ్‌ల 40 నుంచి 60 సార్లు చీలి ఆగిపోతయని శాస్త్రవేత్త హేఫ్లిక్ 1961లనే చూపిండు. ఆ లెక్కన దినాం పది పోట్లు మాన్పించుకునే యోధుని చర్మం ముందే ముసలిదైతది. అది వైద్యం గాదు, చక్రవడ్డీ అప్పు. పంటి ఎనామిల్‌ల అసలు కణాలే లేవు, అక్కడ ఎవరిని తొందరపెడతరు?

కాదు, 'అసలు రూపానికి' తెస్తనంటరా? ఏ ఫొటో చూసి? నిన్నటి ఒళ్లయితే ఒక్క దినమే వాపసు. ఇరవై ఏండ్లనాటి ఒళ్లయితే మెదడు కూడ అప్పటిదే, నేర్చిన మంత్రాలన్నీ మాయం. నల్లగొండ జిల్లాల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏండ్లకేండ్లు తాగి నడుము వంగినోళ్లున్నరు. తెగిన గాయం లేదు, కారిన నెత్తురు లేదు. తమరి పాచిక దేని మీద పడాలె?

మీ పెద్ద మంత్రాలదీ అదే కథ. చచ్చినోళ్లను లేపే రిసరెక్షన్ వెయ్యి బంగారు నాణేల వజ్రం మింగి, నూరేండ్ల లోపల పోయినోణ్ణి లేపుతది, ముసలితనంతో పోయినోణ్ణి తప్ప. ట్రూ రిసరెక్షన్ 25,000 నాణేల వజ్రాలు మింగినా షరతు మారదు. పోషన్ ఆఫ్ లాంజెవిటీ అనే మాయ మందు వయసును 7 నుంచి 12 ఏండ్లు తగ్గిస్తది. రెండోసారి నుంచి తాగినప్పుడల్లా పదేసి శాతం చొప్పున ముప్పు పెరుగుతది, తిరగబడితే అన్నేండ్లూ నెత్తినేస్తది. మందు గాదది, మట్కా.

పనిచేసేదాంట్ల ఒకటి క్లోన్ మంత్రం. కొంచెం మాంసంతోని 120 దినాలల్ల కొత్త ఒళ్లు పెరుగుతది, కావాలంటే వయసు తక్కువది. పాతది చస్తే ఆత్మ అండ్ల దిగుతది. మాన్పుడు గాదు, మార్చుడు. ఏడు వందల ఏండ్లదని చెప్పుకునే మా పాలమూరు మర్రిచెట్టు పిల్లలమర్రిదీ ఇదే పద్ధతి. చెద పట్టిందని 2018ల సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిండ్రు. ఆ మందు చెదకే, వయసుకు గాదు. ఇన్నేండ్లు నిలబెట్టింది ఊడలు. దిగిన ఊడ మానై కొమ్మను మోస్తది.

తమరికి ఊడలు దింపుడు రాదు. కాబట్టి గుడి ముందర 'నిత్య యవ్వనం' బోర్డు తీసేసి, 'ఇచ్చట పంక్చర్లు వేయబడును' అని రాయించుకోండ్రి.

ఇట్లు,
మోకాళ్ల మీద ఆశ వదులుకున్న క్లెరిక్‌ల తరఫున