ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం కంప్యూటర్ కొంటున్నారా? డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టకండి

ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్ మీద విమానం నడిపే ప్రోగ్రాం) కోసం కంప్యూటర్ కొనాలనుకునే మిత్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి? అక్కడి నుంచి మొదలుపెట్టడమే పొరపాటని నా గట్టి అభిప్రాయం. మామూలు ఆటలకు అది సరైన ప్రశ్నే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటి వాటికి మాత్రం ముందు ప్రాసెసర్ సంగతి తేల్చుకోవాలి. అందులోనూ చూడవలసింది కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఎన్ని ఉన్నాయని కాదు, ఒక్కొక్క కోర్ ఎంత వేగంగా పనిచేస్తుంది, దానికి క్యాష్ మెమరీ ఎంత ఉంది అని.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. 2023లో కొన్నేళ్ల పొదుపు సొమ్ముతో నేనొక కంప్యూటర్ కట్టించుకున్నాను. అందులో ఆర్‌టీఎక్స్ 4070 కార్డు, రైజెన్ 5 5500 ప్రాసెసర్, ఒకే స్టిక్కుగా 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. "సార్, ఈ కార్డు ఉంటే ఏ గేమైనా స్మూత్‌గా ఆడుతుంది, ప్రాసెసర్ గురించి మీరు ఆలోచించనక్కర్లేదు" అని దుకాణంలో హామీ ఇచ్చారు. రోజూ వాళ్లు అమ్మే ఆటలకు ఆ మాట చాలావరకు నిజమే. అయితే నేను ఏ ప్రోగ్రాం కోసం కొంటున్నానో రెండుసార్లు పేరు పెట్టి చెప్పాను. పేరు విన్నాక అది దేని మీద ఆధారపడి నడుస్తుందో కనుక్కోవలసిన బాధ్యత అంత డబ్బు తీసుకున్న వాళ్లకు ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ కంప్యూటర్ మీద గన్నవరం నుంచి శంషాబాద్‌కు ఎయిర్‌బస్ ఏ320 విమానం నడిపేవాణ్ణి. పొలాల మీదా, కృష్ణానది మీదా ఎగిరినంతసేపూ సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, హాయిగా వచ్చేవి. శంషాబాద్ దగ్గరపడి టెర్మినల్ భవనాలు, నిలిపి ఉంచిన విమానాలు, రోడ్ల మీద వాహనాలు ఒక్కొక్కటే లోడవడం మొదలుకాగానే ఆ అంకె 30కి, ఆ తర్వాత 25కి జారిపోయేది. అంకె తగ్గడం కన్నా ఎక్కువ బాధపెట్టింది కుదుపు. నేలకు దిగేటప్పుడు ఎయిర్‌బస్ తన ఎత్తును పైలట్‌కు పైకి చదివి వినిపిస్తుంది: ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ, ఆ వెంటనే రిటార్డ్ (ఇంజిన్ శక్తి తగ్గించు). ముక్కు కాస్త పైకెత్తి చక్రాలను మెత్తగా ఆనించవలసింది ఆ రెండు మూడు సెకన్లలోనే. నా తెర సరిగ్గా థర్టీకీ రిటార్డ్‌కూ మధ్య బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి విమానం నేలను గట్టిగా తాకి ఉండేది. గంటసేపు జాగ్రత్తగా నడిపిన ప్రయాణం అలా ముగిస్తే ఎంత ఉసూరుమంటుందో ఈ అభిరుచి ఉన్నవాళ్లకు తెలుసు.

అందుకే సగటు ఫ్రేముల లెక్కను నేను నమ్మను. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 ఫ్రేములంటే 33.3 మిల్లీసెకన్లు. అన్ని ఫ్రేములూ 33 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున తప్పకుండా వస్తే కంటికి నిలకడగానే ఉంటుంది. చాలా ఫ్రేములు 16కే వచ్చి, నడుమ నడుమ ఒకటి 120 మిల్లీసెకన్లు పడితే సగటు గొప్పగానే కనిపిస్తుంది గానీ విమానం దింపడం కుదరదు. చూడవలసింది ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉందా లేదా అన్నదే.

ఆ ఎడం ఎందుకు చెడుతుందో తెలియాలంటే పెళ్లి వంటశాలను గుర్తు తెచ్చుకోండి. కూరలు తరిగేవాళ్లు, కొబ్బరి కోరేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు పదహారుమంది ఉండవచ్చు. ఉప్పు చూసి, తాళింపు వేసి, గుండిగ దించమని చెప్పేది పెద్ద వంటవాడు ఒక్కడే. అతని చేయి ఖాళీ కాకపోతే మిగతావాళ్లు ఎందరున్నా విస్తళ్లు ఎదురుచూడవలసిందే. సిమ్యులేటర్‌లో ఆ పెద్ద వంటవాడి పేరు మెయిన్ థ్రెడ్. విమానం మీద గాలి ఒత్తిడి ఎంత, ఆటోపైలట్ ఏమంటోంది, కాక్‌పిట్ తెరల మీద ఏ అంకె చూపాలి, చుట్టూ ఏ విమానం ఎక్కడుంది, ఏ భవనాన్ని ఇప్పుడు గీయాలి అన్న లెక్కల్లో చాలా భాగం ఒకదాని ఫలితం మరొకదానికి కావలసినవి కాబట్టి వాటిని పూర్తిగా విడదీసి పంచడం కష్టం. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ కాలం నుంచీ ఈ చిక్కు ఉంది. ప్రాసెసర్ల గడియార వేగం ఏటికేడు పెరుగుతూనే పోతుందన్న నమ్మకంతో దాన్ని కట్టారు, తీరా పెరిగింది కోర్ల సంఖ్య. ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో తయారుచేసిన 2020 వెర్షన్, 2024 వెర్షన్ పనిని అంతకన్నా బాగా పంచుకుంటాయి. అయినా పెద్ద విమానాశ్రయంలో బరువైన విమానం నడిపితే ఇప్పటికీ ముందుగా అలసిపోయేది మెయిన్ థ్రెడ్డే.

ఇక క్యాష్ సంగతి. వంటవాడి చేతికందే దూరంలో పోపులపెట్టె ఉంటుంది, మిగతా సరుకంతా కొట్టుగదిలో ఉంటుంది. పోపులపెట్టె చిన్నదైతే మాటిమాటికీ కొట్టుగదికి మనిషిని పంపాలి, సరుకు వచ్చేదాకా గరిటె ఆగాలి. ప్రాసెసర్‌కు ర్యామ్ కొట్టుగది, ఎల్3 క్యాష్ పోపులపెట్టె. నా రైజెన్ 5 5500లో ఉన్న ఎల్3 క్యాష్ 16 ఎంబీ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో ఏఎండీ వాళ్లు చిప్పు మీద మరో పొర పేర్చి దాన్ని 96 ఎంబీ చేశారు. ఇందుకోసం గరిష్ఠ వేగాన్ని ఆ పొర లేని 5800ఎక్స్‌లోని 4.7 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కు తగ్గించవలసి వచ్చింది. వేగం తగ్గినా సిమ్యులేటర్‌లో అదే ముందుంటుంది. సిమ్యులేటర్ ప్రతి ఫ్రేముకూ తిరగేసే సమాచారం అంత విస్తారమైనది మరి.

నేను ఏమి మార్చినా ఒక్కొక్కటే మార్చి చూశాను. ముందు ఒక్క స్టిక్కు తీసి రెండు 16 జీబీ స్టిక్కులు వేశాను. కుదుపులు కొంత సర్దుకున్నాయి, ఫ్రేముల అంకె మాత్రం పెద్దగా కదల్లేదు. తర్వాత బయోస్ (మదర్‌బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, అదే మదర్‌బోర్డు మీద 5800ఎక్స్3డీ పెట్టాను. గ్రాఫిక్స్ కార్డు పాతదే, సెట్టింగులు పాతవే. శంషాబాద్‌లో అదే గేటు దగ్గర 26 ఉన్న అంకె 44 అయింది. థర్టీకీ రిటార్డ్‌కూ మధ్య తెర ఆగడం మానేసింది. అంటే అంత ఖరీదైన 4070 కార్డు అన్ని నెలలూ సగం ఖాళీగా కూర్చుందన్నమాట.

మీ కంప్యూటర్‌లో లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. సిమ్యులేటర్ జనరల్ ఆప్షన్లలో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఫ్రేముల కౌంటర్ పెట్టుకుంటే, లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్ అనో, లిమిటెడ్ బై జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అనో అదే చెబుతుంది. అది కూడా వద్దనుకుంటే ఒక రద్దీ విమానాశ్రయంలో నిలబడి బొమ్మ ఎంత స్పష్టంగా గీయాలో చెప్పే రెండర్ స్కేలింగ్‌ను 100 నుంచి 50కి తగ్గించండి. బొమ్మ మసకబారినా ఫ్రేములు పెరగలేదంటే మీ గ్రాఫిక్స్ కార్డుకు చేతి నిండా పని లేదు, ప్రాసెసరే వెనకబడింది. అప్పుడు కొత్త కార్డు కొంటే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ముందుగా నేల ఎంత వివరంగా కనిపించాలో చెప్పే టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను 200 నుంచి 100కు దించి, చుట్టూ తిరిగే విమానాల సంఖ్య తగ్గించి చూడండి, రూపాయి ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది.

గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదని నేను అనడం లేదు. 4కే తెర ఉన్నవాళ్లకు, వీఆర్ పెట్టుకునేవాళ్లకు, దట్టమైన మబ్బుల్లో ఎగరడం ఇష్టమైనవాళ్లకు మంచి కార్డే కావాలి. అయితే దాన్ని కొనేటప్పుడు కూడా వేగం కన్నా కార్డులోనే ఉండే వీడియో మెమరీకి ఎక్కువ విలువ ఇవ్వండి. ఆ మెమరీ నిండిపోతే సమాచారం ర్యామ్‌లోకి పొర్లుతుంది, అప్పుడొచ్చే కుదుపు ప్రాసెసర్ కుదుపు కన్నా దారుణం. 2024 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అత్యుత్తమ స్థాయి జాబితాలో 12 జీబీ వీడియో మెమరీ, 64 జీబీ ర్యామ్ ఉన్నాయి. మధ్య స్థాయికి 8 జీబీ, 32 జీబీ అన్నారు. ఇవాళ కొత్తగా 8 జీబీ కార్డు కొనమని నేను ఎవరికీ చెప్పను. కార్డు తనంతట తాను నడుమ ఫ్రేములను సృష్టించి చూపే ఫ్రేమ్ జనరేషన్‌ను చూసి కూడా మోసపోకండి. కౌంటర్ మీద అంకె పెరుగుతుంది గానీ, జాయ్‌స్టిక్ కదిలిస్తే విమానం స్పందించే తీరు అసలు ఫ్రేముల లెక్కనే ఉంటుంది.

ర్యామ్ 32 జీబీ, రెండు స్టిక్కులుగా తీసుకుని, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయించండి. చేయించకపోతే పెట్టె మీద రాసిన వేగం పెట్టె మీదే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. నేల బొమ్మలు ఇంటర్నెట్ ద్వారా వస్తాయి కాబట్టి 50 ఎంబీపీఎస్ నిలకడైన కనెక్షన్ ఉండాలి.

ల్యాప్‌టాప్ గురించి మాత్రం కాస్త గట్టిగా చెబుతాను. పేరు ఒకటే అయినా డెస్క్‌టాప్ 4070లో 12 జీబీ వీడియో మెమరీ ఉంటే ల్యాప్‌టాప్ 4070లో ఉండేది 8 జీబీ. రెండూ ఒకటేననుకుని కొన్నవాళ్లను నేను ఎరుగుదును. పైగా మన ఎండాకాలంలో, గదిలోనే 36 డిగ్రీలున్నప్పుడు, ఆ పల్చటి పెట్టె పావుగంటలో వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. రెండు గంటల ప్రయాణం చివర, సరిగ్గా దిగే వేళకు, యంత్రం అత్యంత నీరసంగా ఉంటుంది. గాలి బాగా ఆడే క్యాబినెట్, ప్రాసెసర్‌ను చల్లబరిచే ఒక మంచి ఎయిర్ కూలర్ ఉన్న డెస్క్‌టాప్‌కు ఈ బెడద చాలా తక్కువ.

పోయిన నెల మా మేనల్లుడికి ఒక జాబితా రాసిచ్చాను: పెద్ద క్యాష్ ఉన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ, బీ650 బోర్డు, డీడీఆర్5 6000 ర్యామ్ 32 జీబీ, 12 జీబీకి తగ్గని మధ్యరకం కార్డు, రిఫ్రెష్ రేటు ఫ్రేములను బట్టి మారే 1440పీ మానిటర్. మొన్న దుకాణం నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, ప్రాసెసర్ మామూలు 7700కు తగ్గిస్తే అదే బడ్జెట్‌లో కార్డు ఒక మెట్టు పెద్దది వస్తుందంటున్నారు, తీసేసుకోనా?" అన్నాడు. వద్దురా, ఆ మార్పు చేయించకు, బిల్లు మన జాబితా ప్రకారమే రాయించుకుని రా అని చెప్పాను.