సవరణ: ఇంజన్ కిటికీలకు సూపర్ గ్లూ వద్దు

మోడల్ రైలు ఇంజన్ల క్యాబ్ (డ్రైవర్ గది) కిటికీలకు అద్దాలు అమర్చడం గురించి గత వారం రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది చిన్నదే. ఓఓ (OO) అనే బ్రిటిష్ సైజు నమూనాల స్కేలు 1:87 అన్నాను. అది హెచ్ఓ (HO) అనే మరో సైజు స్కేలు. ఓఓ అంటే 1:76.2, అంటే అసలు ఇంజన్‌లోని ఒక అడుగు నమూనాలో 4 మి.మీ.

రెండోది మాత్రం మీ ఇంజన్‌ను పాడు చేసేది. పారదర్శక ప్లాస్టిక్ రేకును సూపర్ గ్లూతో అంటించమన్నాను. దాని ఆవిరి రేకు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. నా పానియర్ ట్యాంక్ ఇంజన్‌లో (బాయిలర్‌కు రెండు పక్కలా నీటి తొట్లుండే ఆవిరి ఇంజన్ నమూనా) గుండ్రటి కిటికీ తెల్లారేసరికి శుక్లం పట్టిన కన్నులా తయారైంది. అయినా ఆ సలహా ఎలా రాశానో!

ఇంత చిన్న కిటికీకి రేకే అక్కరలేదు. ఆరితే పారదర్శకమయ్యే తెల్ల జిగురును టూత్‌పిక్ మొనతో అంచు చుట్టూ రాసి, మెల్లగా మధ్యకు లాగితే సబ్బునీటి పొరలా పరుచుకుంటుంది. రాత్రంతా కదపకూడదు. 5, 6 మి.మీ. దాటిన కిటికీలో పొర చిట్లుతుంది, లేదా మధ్యలో గుంటపడుతుంది. అక్కడ రేకే మేలు, అంటించడానికి మాత్రం ఇదే జిగురు. 0.25 మి.మీ. రేకు పలుచనే అనిపిస్తుంది గానీ, ఈ స్కేలులో అది 19 మి.మీ. మందమున్న అద్దం! అందుకే దాని అంచు బయటికి కనిపించకుండా లోపలి వైపు నుంచి అమర్చండి. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టేది ఉంటే అద్దాలు మసకబారకుండా, వాటిని అమర్చక ముందే కొట్టేయండి.