హైబ్రిడ్ పియానో దొరవారికి దండాలు

మహారాజశ్రీ హైబ్రిడ్ శాంపిల్డ్ పియానో దొరవారి సముఖానికి, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న రూముల పాటలు రికార్డు చేసుకునే బాంచన్ రాసుకునే మనవి ఏమనగా:

ఇక్కడ మేమంత క్షేమం. సగం రికార్డు చేసిన సప్పుళ్లతోటి (శాంపిళ్లు), సగం లెక్కలతోటి పియానో మోగించే సాఫ్ట్‌వేరై తమరు మా కంప్యూటర్ల దిగినప్పటిసంది హార్డ్‌డిస్క్‌ల వేరేటోళ్లకు జాగ లేదు గని, తమరు సల్లగ ఉన్నరనే తలుస్తున్న.

తమరి పుట్టుక సంగతి నాకు తెల్వంది కాదు. అసలు పియానోకు 88 మెట్లు. ఒక్కో మెట్టును మెల్లగ నుంచి గట్టిగ దాక 16 తీర్ల కొడితె 1,408 సప్పుళ్లు. పెడల్ తొక్కి ఒకపారి, తొక్కకుంట ఒకపారి. వెంటవెంట కొడితె మిషన్‌గన్ లెక్క వినపడొద్దని మళ్ల ప్రతిదీ రెండేసి సార్లు. దగ్గర మైకు, దూరం మైకు, మూత కింద మైకు. మొత్తం 16,896 అయితది. అండ్ల మంద్ర స్వరాలు ఇరవై సెకన్లు దాటినా మోగుతనే ఉంటయి. గిన్ని ఎక్కడ దాస్తరు? అందుకే తమరిని చేసినోళ్లు ఉపాయం చేసిన్రు. సుత్తి తీగకు తాకే మొదటి దెబ్బ అసలుది, దాని వెనుక సాగే మోత లెక్క కట్టి పుట్టించింది.

ఉపాయం కొత్తదేం కాదు. 1987ల రోలండ్ డి-50 అనే కీబోర్డు గిదే చేసింది. అప్పుడు మెమరీ పిరం, దెబ్బ వరకు శాంపిల్ పెట్టి మిగిలింది కరెంటుతోటి సప్పుడు పుట్టించే సింథసైజర్ మీద వేసిన్రు. అది పేదరికం. తమరిది దొరతనం. ఉన్న ర్యామ్ మింగి, ఇంక ఉన్నదా అని అడుగుతరు.

అతుకు మాత్రం మెచ్చుకోవాలె. అసలు సప్పుడు, లెక్కల సప్పుడు కలిసే కాడ రెండు అలలు పొంతన కుదరకపోతె స్వరం బోలుగ అయితది. తమరి దాంట్ల ఎక్కడ అతికిండ్రో దొరుకుతలేదు. చాన స్వరాలకు మూడేసి తీగలు, అవి వెంట్రుకవాసి తేడాతోటి శ్రుతి అయి ఉంటయి, అందుకే మోత మొదలు జల్ది పడిపోయి తర్వాత నిదానంగ సాగుతది. అది గూడ పట్టిన్రు. పెడల్ తొక్కినప్పుడు కొట్టని తీగలు గూడ మోగుతయి. ఒక్కో స్వరాన్ని విడిగ రికార్డు చేస్తె, నాలుగు స్వరాలు కలిసినప్పుడు వచ్చే ఆ మోత శాంపిళ్లల పూర్తిగ దొరకదు, అక్కడ లెక్క కట్టి సప్పుడు పుట్టించే మోడలే దిక్కు. దాన్ని ఒక పెండ్లి పాటల మంచిగ కుదిరిచ్చి వినిపిస్తె, పైసలిచ్చేటాయన హెడ్‌ఫోన్ తీసి, "అన్నా, ఏందో గుంయ్‌మంటుంది. ఎర్తింగ్ సక్కగ లేదా?" అన్నడు. తీసేసిన. అటెన్క డప్పులు, డీజే బేసు పడ్డంక, ఆ పాటల తమరు ఉన్నరని నాకు, తమరికి తప్ప ఎవ్వలికి తెల్వదు.

అది గాదు దొరా నా ఏడుపు. తమరి మొఖం మీద "మెకానికల్ నాయిస్" అని ఒక గుండీ ఉన్నది. తిప్పితె పెడల్ కిర్రుమంటది, మెట్టు లేచినప్పుడు కట్టె టక్కుమంటది, వాయించేటాయన కుర్చీల అటిటు కదులుతడు. వీటికి పైసలు!

ఇక్కడ మా తాన దేవరకొండ దిక్కు నుంచి అక్క బతుకమ్మ పాట పాడనీకి వస్తె, ముందుగాల గాజులు తీపిస్త. చీర గంజి గరగర మైకుల పడ్తదని మీదికెళ్లి పాత తువ్వాల కప్పిస్త. ఫ్యాను బంద్. తలుపుకు బొంత. "ఇగ పాడు అక్కా" అనంగనే బజార్ల పాత ఇనుప సామాన్ల బండి మైకు మోగుకుంట వస్తది. అది మూల తిరిగేదాక చెమటలు కారుకుంట కూసుంటం. ఆమె ఊపిరి పీల్చిన సప్పుడు గూడ రాత్రి కూసుండి ఒక్కొక్కటి కోస్త. అంత కోసినంక పాట బోడిగ ఉన్నదనిపిస్తది. అప్పుడు తమరిని తెరిచి, గుండీ తిప్పి, ఏ దేశపోడో కుర్చీల కదిలిన కిర్రు తెచ్చి ఆమె గొంతు కింద పెడ్త.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మన దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. ఆ మోత దొరుకుతదేమోనని తమరి అంగట్ల దేశదేశాల వాద్యాల సప్పుళ్లుండే ఒక "వరల్డ్" మూట కొన్న. అండ్ల తీగ వాద్యాలకు ఒక్కటే దెబ్బ, ఒక్కటే బలం. మెల్లగ నొక్కు, గట్టిగ నొక్కు, అదే. తమరి కుర్చీకి మాత్రం తీరుకొక్క కిర్రు.

గందుకే మనవి. వచ్చే అప్‌డేట్‌కు సప్పుళ్లు తక్కువ పడితె మా రూముకు మనిషిని తోలుండ్రి. గాజులు, గంజి చీర, ఇన్వర్టర్ బీప్, ఫ్యాను అయిదు స్పీడ్లల్ల, అన్నీ దగ్గర మైకుల, దూరం మైకుల ఇప్పిస్త. నాకు పైసలొద్దు. ఆ దినం కరెంటు బిల్లు తమరు కట్టాలె. పాత ఇనుమాయన మాత్రం ఊకె రాడు, ఆయనకు రాయల్టీ మాట్లాడుకోవాలె.

ఇట్లు,
తమరి గడీ వాకిట్ల నిలబడ్డ
నల్లగొండ రికార్డింగు బాంచన్