గేట్లు తీసింది మనం, తిట్లు నత్తకా?

నిన్న మా మేనల్లుడు ఒక రీల్ పంపాడు. "మామయ్యా, మధ్యధరా సముద్రంలోకి వింత జీవి చొరబడిందట, చూశావా!" వెనక యుద్ధం సినిమా మ్యూజిక్, ఎర్రక్షరాల్లో ‘దాడి’.

తీరా చూస్తే అది బుర్సటెల్లా. గుల్ల లేని సముద్రపు నత్త. చిరిగిన గోనెపట్టా ముక్కలా ఉంటుంది, ఒళ్లంతా పీచులు, వాటి మధ్య నెమలి కన్నుల్లా నీలం చుక్కలు. కదిలిస్తే ఊదా రంగు సిరా వదులుతుంది. దాని యుద్ధం అంతే! పైగా ఈ ‘తాజా’ చొరబాటుదారు 1940లోనే పాలస్తీనా తీరంలో నమోదైంది. అప్పటికి మా నాన్న కూడా పుట్టలేదు.

నాకు ఒళ్లు మండేది ‘చొరబడింది’ అన్న మాటకే. సూయెజ్ కాలువ ఎవరు తవ్వారండీ? 1869లో ఎర్రసముద్రానికీ మధ్యధరాకీ మధ్య ఉన్న అడ్డు తీసేసింది మనిషే కదా. మొదట్లో దారిలోని బిట్టర్ లేక్స్ అనే సరస్సుల్లో ఉప్పు ఎంత పేరుకుని ఉండేదంటే, చాలా ప్రాణులు దాటలేకపోయేవి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఉప్పు కరిగిపోయింది. అవతల నైలు వరద మంచినీటి తెరలా అడ్డుండేది. ఆ నది మీద అస్వాన్ పెద్ద డ్యామ్ కట్టాక అదీ పోయింది. చాలదన్నట్టు 2015లో కాలువని ఇంకా వెడల్పు చేశారు. తలుపు తీసి, గడప కూడా కొట్టేసి, ఇప్పుడు ‘దొంగ దొంగ’ అని అరుపులు.

ఇంకో ముచ్చట. హాలోఫిలా అనే సముద్రపు గడ్డి ఎర్రసముద్రం వైపు నుంచి వచ్చి, 19వ శతాబ్దం చివరికే మధ్యధరాలో వేళ్లూనింది. దాన్ని మేసే సైఫొనోటా అనే నత్త మాత్రం సుమారు వందేళ్లకి గానీ అక్కడ కనబడలేదు. విస్తరి వేసిన వందేళ్లకి చుట్టం దిగిందన్నమాట!

అలాగని అన్నీ అమాయకపు ప్రాణులే అనను. 2009లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ బీచుల్లో కుక్కలు చచ్చిపోయాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక బూడిదరంగు నత్తలో పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ విషమే దొరికింది. ఆ నత్త ఇప్పుడు అర్జెంటీనా తీరంలోనూ పాతుకుపోయింది. ఇలాంటి దాని గురించి భయపెట్టండి, ఒప్పుకుంటాను.

అంతెందుకు, మన విశాఖ హార్బర్ చూడండి. అట్లాంటిక్ అవతల వేడి తీరాల్లో బతికే మిటిలోప్సిస్ అనే చిన్న ఆల్చిప్ప 1967లో ఇక్కడ బయటపడింది. ఓడల వెంట వచ్చిందే. గోడలకీ ఓడల అడుగులకీ గుత్తులు గుత్తులుగా పట్టేస్తుంది. దాని మీద మావాడు ఇంతవరకూ ఒక్క రీలూ పంపలేదు. పంపడు కూడా. నీలం చుక్కలు లేవు మరి!