కౌంట్ పెరిగింది, అభినందనలు!

మా ప్లాంటులో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని పై ఆఫీసుకి ఈ మధ్యే తెలిసింది. ఇంత ఆలస్యంగా ఎందుకు తెలిసిందంటే, ఎవరూ చెప్పలేదు గనక.

నెల్లూరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటల నడుమ ఉంటుంది మా ప్లాంటు. రొయ్య తలలు తీసే బల్లల దగ్గర మాటలకి ఏనాడూ కరువు లేదు. ఎవరి పిల్లకి ఏ ఊరి సంబంధం వచ్చింది, చీటీ ఎంతకి పాడారు, మేనేజరు ఇవాళ ఇంట్లో టిఫిను తిని వచ్చాడా లేదా, అన్నీ అక్కడ తేలతాయి. ఇదంతా కమ్యూనికేషన్ కిందికి రాదట. అందుకని ఫోన్లలో చూసుకొనే ఆన్‌లైన్ శిక్షణ ఒకటి దిగింది. తెర మీద ఒక సన్నివేశం చూపిస్తారు, మధ్యలో ఆపి 'మీరైతే ఏం చేస్తారు?' అని మూడు జవాబులిస్తారు. మనం నొక్కినదాన్ని బట్టి కథ ఆ దారిన పోతుంది.

పద్ధతిని నేను ఎగతాళి చెయ్యను. 1977లో స్పెయిన్ వాళ్ళ దీవి టెనెరిఫ్ విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు గుద్దుకొని 583 మంది పోయారు. ఎగరబోతున్న విమానంలోని ఇంజనీరు, ఆ రెండో విమానం రన్‌వే మీంచి తప్పుకోలేదా అని అడిగాడు, తప్పుకుంది అన్నాడు కెప్టెన్. అంతే, విషయం మళ్ళీ కదపలేదు. అలాంటి ప్రమాదాలు చూశాకే, 1979లో నాసా పెట్టిన సమావేశం నుంచి మొదలుకొని, పైవాడికి తప్పు ఎలా చెప్పాలో, పైవాడు ఎలా వినాలో విమాన సిబ్బందికి సన్నివేశాలు కట్టి మరీ నేర్పుతున్నారు. అంత ఘనమైన వంశంలో పుట్టింది ఈ విద్య. మా దాకా వచ్చేసరికి 'చిరునవ్వుతో పలకరించండి' అయింది.

నవ్వడానికి మాకేం అభ్యంతరం లేదు. కాకపోతే లోపల అందరి మూతికీ మాస్కు, తలకి టోపీ, కాళ్ళకి గంబూట్లు. ఎవరు ఎవరో నడకని బట్టి పోల్చుకోవాలి. 'ఎదుటివారి కళ్ళలోకి చూస్తూ వినండి' అన్నది రెండో పాఠం. చేతిలో రొయ్య ఉన్నప్పుడు కళ్ళు రొయ్య మీదే ఉండాలని మా దగ్గర రూలు.

ఇక అసలు సన్నివేశం. కోర్సు తయారుచేసినాయన బెంగుళూరు నుంచి వచ్చి, ఒక పూట ప్లాంటు చూసి, మధ్యాహ్నం చేపల పులుసు తిని పోయాడు. ఆ ఒక్క పూట అనుభవంతో రాసింది ఇది: నిన్నటి లోడు 40 కౌంట్, ఇవాళ్టి లోడు 60 కౌంట్. లక్ష్మి అనే ఉద్యోగిని పరుగున వచ్చి 'సార్, కౌంట్ పెరిగింది' అంటుంది. మీరేమంటారు? ఎ: 'నాకు పనుంది, తర్వాత రా.' బి: 'రిజిస్టర్లో రాయి.' సి: 'అభినందనలు లక్ష్మీ! ఇది మన టీమ్ అందరి విజయం, నీ ఉత్సాహం అందరికీ ఆదర్శం.'

సి నొక్కితే తెరంతా చప్పట్లు.

కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 40 కాస్తా 60 అయిందంటే రొయ్య చిన్నదైంది, ధర దిగింది అని. గుంట గట్టు మీద నిలబడ్డ రైతుతో 'కౌంట్ పెరిగింది, అభినందనలు' అని చూడండి, మిమ్మల్నే రొయ్యలకి మేతగా వేస్తాడు.

రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ దగ్గర చేసే అక్క ఫోను నా ముఖాన పెట్టింది. "ఏందబ్బయ్యా, రొయ్య సన్నబడితే చప్పట్లు కొడతా ఉండారు?"

"మరి నువ్వేం నొక్కినావక్కా?"

"సీనే నొక్కినా. అన్నిటికీ పొడుగాటి జవాబే రైటు గదా."

కోర్సు రాసినవాడికి తెలియని రహస్యం ఆమె మూడో ప్రశ్నకే పట్టేసింది. మర్నాటికి షిఫ్టు మొత్తానికి ఈ సూత్రం పాకింది. చదువుకున్న పిల్ల ఒకతె కూర్చుని పద్నాలుగు ఫోన్లలో టకటకా నొక్కి ఇచ్చింది. టీమ్ వర్క్ అంటే అదేనని నా అభిప్రాయం.

ఆ మూడింటిలో లేని నాలుగో జవాబు గురించి ఇప్పుడు చెప్పాలి. మొన్నామధ్య ఒక రాత్రి లోడు పోవాలి. గుంట దగ్గర కౌంట్ కిలోకి చెబుతాం, తల తీసి ఎగుమతి పెట్టెలో పెట్టాక పౌనుకి చెబుతాం. పెట్టె మీద 21/25 అని ఉంటే పౌనుకి 21 నుంచి 25 రొయ్యలని. ఆ రాత్రి మేనేజరు గారు కాగితం మీద కిలో లెక్కనే రాసి లేబుళ్ళకి పంపారు. ముగ్గురం చూశాం. ముగ్గురం 'సరే సార్' అన్నాం. బయటికొచ్చి టీ తాగుతూ 'తప్పు రాశాడబ్బా' అని మాలో మేం చాలా స్పష్టంగా, ఏ అపార్థానికీ తావు లేకుండా చెప్పుకున్నాం. తెల్లారేదాకా అట్టపెట్టెల మీద లేబుళ్ళు గోళ్ళతో గీకాం. నా బొటనవేలి గోరు ఇంకా సగమే ఉంది.

కాబట్టి నా సూచన, వినమ్రంగా: డి అని ఒకటి చేర్చండి. 'సరే సార్ అని బయటికొచ్చి టీ తాగుతాను.' అది నొక్కినవాడికి 'తప్పు' అని ఎర్ర గుర్తు పెట్టకండి. తెల్లవారుజామున నాలుగింటికి లేబుళ్ళు గీకే సన్నివేశంలోకి తీసుకుపోండి.

ఫలితం కొలిచే సంగతి కూడా ఉంది. శిక్షణని నాలుగు మెట్లలో కొలవాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ 1959లోనే మొదలెట్టాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, సంస్థకి ఒరిగిందేమిటి. మా వాళ్ళు మొదటి మెట్టు మీద నవ్వు బొమ్మ నొక్కించుకొని దిగిపోయారు. నాలుగో మెట్టు చూడాలంటే మొహర్రానికి నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గరికి, రొట్టెల పండగకి రండి. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి 'ఏ రొట్టె కావాలి?' అని అడుగుతారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ప్రమోషన్ రొట్టె. కావలసింది మొహమాటం లేకుండా చెప్పి తీసుకోవాలి. కోరిక తీరినవాడు మరుసటేడు రొట్టెతో వచ్చి ఇంకొకరికిస్తాడు. ఏడాది తర్వాత ఫాలో అప్! సర్టిఫికెట్ లేదు, లాగిన్ లేదు.

ఇవన్నీ కాగితం మీద పెట్టి మేనేజరు గారికి ఇద్దామనుకున్నాను. గ్రేడింగ్ అక్క అడ్డం పడింది. "ఆయన చేసినాడా ఈ క్లాసు?"

"చేశారక్కా. వందకి వంద వచ్చినయ్."

"అన్నీ ఆయనే నొక్కినాడా?"

"లేదు, ఫోను నాకిచ్చి నొక్కమన్నారు."

"నువ్వేమన్నావ్?"

"సరే సార్ అన్నా."