అర్జీ అందింది, నిరీక్షణ కొనసాగుతుంది

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు క్రమశిక్షణ లేదని ఆడిపోసుకునేవాళ్లు అది ఎస్‌టీడీఇన్ (కీబోర్డు ఇన్‌పుట్ వచ్చే దారి) ముందు కూర్చుని ఒక్క లైను కోసం కాచుకోవడం చూసి ఉండరు. మీరు భోంచేసి కునుకు తీసి వచ్చినా అది అక్కడే ఉంటుంది. ఎంటర్ పడేదాకా కదలదు, మెదలదు. ఇంత నిష్ఠగల ఆఫీసులో సిగ్నళ్ల (కంట్రోల్-సి నొక్కితే ప్రోగ్రాంకు వెళ్లేలాంటి కబుర్ల) అర్జీలు ఎలా పరిష్కారమవుతాయో ప్రజలకు తెలియజేయడం మా కర్తవ్యం.

2002కు ముందు పద్ధతంటూ లేదు. సిగ్నల్ రాగానే, దానికోసం మీరు రాసిపెట్టిన కోడ్, అంటే హ్యాండ్లర్, తలుపు తోసుకుని లోపలికి వచ్చేసేది. లోపల మెమరీ కేటాయింపు సగంలో ఉన్నా సరే, తనూ అదే మెమరీకి చెయ్యి చాపేది. ఒక్కోసారి పనయ్యేది, ఒక్కోసారి ప్రోగ్రాం కూలిపోయి కోర్ డంప్ అయ్యేది. ఏది ఎప్పుడన్నది దైవాధీనం.

ఆ ఏడాది వచ్చిన పెర్ల్ 5.8 వెర్షన్‌తో పాలన గాడిన పడింది. సిగ్నల్ వస్తే సి భాషలో రాసిన ఓ చిన్న గుమాస్తా దాన్ని అందుకుని, రిజిస్టరులో గీత గీసి ఊరుకుంటాడు. చేతిలో ఉన్న ఆప్‌కోడ్ (పెర్ల్ వేసే ఒక్కో అడుగు) పూర్తయ్యాకే మీ హ్యాండ్లర్‌కు పిలుపు. ఓ పెద్ద రెజెక్స్ (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) వెనక్కీ ముందుకీ తిరుగుతూ గంటసేపు గింజుకున్నా సరే, అదంతా ఒక్క ఆప్‌కోడే.

మరి ఇన్‌పుట్ కోసం కాచుకున్నప్పుడో? లైను వస్తే తప్ప ఆప్‌కోడ్ ముగియదు కదా! దీనికి ప్రత్యేక జీవో ఉంది. సిగ్నల్ రాగానే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్ ఆ రీడ్‌ను మధ్యలో ఆపి, ఈఇంటర్ (అంతరాయం కలిగిందనే ఎర్రర్) అనే చీటీ చేతిలో పెడుతుంది. పెర్ల్ ఇన్‌పుట్-అవుట్‌పుట్ విభాగమైన పెర్ల్‌ఐఓ ఆ చీటీ చూసి మీ హ్యాండ్లర్‌ను సగౌరవంగా పిలుస్తుంది, అది చెప్పుకున్నదంతా వింటుంది, సాగనంపుతుంది, ఆపైన రీడ్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. హ్యాండ్లర్‌లో మీరు "ఆగిపోతున్నాం" అని ప్రింట్ చేయమన్నారు. చేసింది. గ్లోబల్ వేరియబుల్‌లో 1 పెట్టమన్నారు. పెట్టింది. ప్రోగ్రాం మాత్రం ఎంటర్ కోసం కూర్చునే ఉంది. లైన్లు చదివే మీ వైల్ లూపు ఆ 1ని చూడాలంటే ముందు లైను రావాలి. లైను రాకూడదనేగా మీరు కంట్రోల్-సి నొక్కింది!

ఇక్కడ పని జరగాలంటే దారి ఒకటే. హ్యాండ్లర్ చచ్చిపోవాలి. ఈవల్‌లో (ఎర్రర్లను పట్టుకునే కోడ్ బ్లాకులో) అలారం (గడువు తీరగానే సిగ్నల్ పంపే ఏర్పాటు) పెట్టి, హ్యాండ్లర్‌లో డై (ఎర్రర్ సందేశమిచ్చి పని ఆపే ఆదేశం) రాస్తే, పెర్ల్ అప్పుడు కుర్చీ దిగుతుంది. అదైనా సందేశం చివర కొత్త లైను గుర్తు ఉంటేనే సుఖం. లేదంటే ఏ ఫైలులో, ఎన్నో లైనులో ప్రాణం పోయిందో సందేశానికి అతికించి పంపుతుంది. ఈవల్ కింద "అలారం" అన్న మాటతో సరిచూసే మీ షరతు ఇక కుదరదు. మరణ వాంగ్మూలానికి కూడా నమూనా ఫారం ఉండటం సుపరిపాలన కాక మరేమిటి?

తొందరున్నవాళ్లకు నేరుగా కెర్నల్ నుంచే చదివే సిస్‌రీడ్ ఉంది. అది ఎవరినీ బుజ్జగించదు. సిగ్నల్ వస్తే అన్‌డెఫ్ (విలువేమీ లేదనే గుర్తు) చేతిలో పెట్టి, కారణం కావాలంటే ఎర్రర్ ఉండే డాలర్-ఆశ్చర్యార్థకం ($!) అనే వేరియబుల్‌లో చూసుకోమంటుంది. మళ్లీ చదవాలో మానాలో మీ ఇష్టం. నిజం చెప్పాలంటే మాకు ఈ మొరటుతనమే నచ్చుతుంది, కానీ వ్యాస ధర్మం అడ్డొస్తోంది. పాత రోజులే బాగున్నాయనే పెద్దలు పెర్ల్_సిగ్నల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో "అన్‌సేఫ్" అని స్వహస్తాలతో రాసుకోవచ్చు. రేపు కోర్ డంప్ అయితే ఆఫీసుకు బాధ్యత లేదు, సంతకం మీదే.

ఇక రెజెక్స్ ముందు కూర్చుని కంట్రోల్-సి దంచేవారికో విన్నపం. ఎన్నిసార్లు నొక్కినా విచారణ ఒక్కసారే. అలాగని లెక్క పెట్టడం లేదనుకోకండి. ఒకే సిగ్నల్ పెండింగు 120కి చేరిందంటే, గరిష్ఠ సంఖ్య దాటిందని ప్రకటించి పెర్ల్ తానే డై అంటుంది. 119 దాకా నిశ్చింతగా నొక్కుకోవచ్చు.